ఇది ఆకాశానిదేనా?

హైదరాబాద్‌లోని ఉప్పల్ నుంచి వరంగల్ దారిలో వెళ్తూ బోడుప్పల్ దాటాక ఎడమకు తిరిగితే చెంగిచెర్ల వస్తుంది. భారత వ్యవసాయ పరిశోధన మండలివారి మాంస పరిశోధన సంస్థ అక్కడే ఉంది. ఆ సంస్థ చేసే పనుల్లో ఒకటి, మాంసం ముక్క ఏ జంతువుదో తేల్చి చెప్పడం. మేక మాంసమని అమ్మినది నిజంగా మేకదేనా, వేరే దేనిదైనానా అన్న అనుమానం వచ్చినప్పుడు కంటిచూపు చాలదు. వండాక అసలే చాలదు. అందుకని ముక్కలోంచి డీఎన్ఏ తీసి పోల్చి చూస్తారు. డీఎన్ఏలో ఆ జంతువు వంశమంతా రాసి ఉంటుంది కాబట్టి జవాబు దొరుకుతుంది.

ఆ ముక్కనే ఇంకా విడగొట్టుకుంటూ పోదాం. నీరు, కొవ్వు తీసేస్తే మాంసంలో మిగిలేది చాలావరకు ప్రోటీన్. దాన్ని గాఢమైన ఆమ్లంలో గంటల తరబడి కాగబెడితే అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. గ్లైసీన్, అలనీన్, ల్యూసీన్, గ్లూటమిక్ ఆమ్లం, ఇలా ప్రాణులు వాడుకునేవి ఇరవై రకాలు. ఇంతవరకు వచ్చాక జంతువు ఆనవాలు చెరిగిపోతుంది. మేక గ్లైసీన్, గేదె గ్లైసీన్, కందిపప్పులోని గ్లైసీన్, మన వేలికొసన ఉన్న గ్లైసీన్ అన్నీ ఒకటే అణువు. రెండు కర్బన పరమాణువులు, ఐదు హైడ్రోజన్, ఒక నత్రజని, రెండు ఆక్సిజన్. అంతకు మించి దానిలో ఏమీ లేదు.

మరి అదే గ్లైసీన్ ఆకాశం నుంచి పడిన రాయిలో కనిపిస్తే? అది రాయితోపాటు వచ్చిందా, రాయి పడిన మట్టిలోంచి ఎక్కిందా, రాయిని ఎత్తిన మనిషి చేతి నుంచి అంటిందా? జీవం పుట్టుక మీద గత అరవై ఏళ్లలో జరిగిన ఎంతో పరిశోధన ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

1960లు మొదలయ్యేసరికి ఉల్కాశిలల్లో అమైనో ఆమ్లాలు దొరికాయన్న ప్రకటనలు వస్తూనే ఉన్నాయి. 1965లో కొందరు రసాయన శాస్త్రజ్ఞులు మనిషి వేళ్ల మీద ఏయే అమైనో ఆమ్లాలు ఎంతెంత ఉంటాయో కొలిచారు. వారిలో హువాన్ ఓరో ఒకరు. వేలిముద్రల్లో సెరీన్ ఎక్కువ, తర్వాత గ్లైసీన్, అలనీన్ వంటివి ఉన్నాయి. ఉల్కల్లో దొరికాయన్న జాబితాలు చూస్తే ఈ వేళ్ల జాబితాకు చాలా దగ్గరగా ఉన్నాయి. ఆకాశంలో దొరికిందనుకున్నది మ్యూజియంలో రాయిని పట్టుకున్నవారి చేతి చెమట కావచ్చన్నమాట. దాదాపు అదే కాలంలో మరో సంగతి బయటపడింది. 1864లో ఫ్రాన్స్‌లోని ఓర్గుయ్ దగ్గర పడిన ఉల్కాశిల ముక్క ఒకటి వందేళ్లుగా సీసాలో భద్రంగా ఉంది. తీసి చూస్తే అందులో మొక్క గింజలు, బొగ్గు పలుకులు ఉన్నాయి. ఎవరో కావాలనే జిగురుతో అతికించారు. ఆ రాయి పడిన ఏడే జీవం దానంతటది పుడుతుందా లేదా అని ఫ్రాన్స్‌లో పెద్ద వాదం నడుస్తోంది. దాన్ని అతికించినదెవరో నేటికీ తేలలేదు.

అంటే రాయి కొత్తగా పడాలి, వెంటనే ఏరాలి, చేయి తగలని లోపలి భాగాన్ని పరీక్షించాలి, పరీక్షించే చోటు కూడా శుభ్రంగా ఉండాలి. ఈ నాలుగూ 1969లో ఒకేసారి కలిసొచ్చాయి.

ఆ ఏడు సెప్టెంబరు 28, ఆదివారం. పొద్దున పదకొండు కావస్తుండగా ఆస్ట్రేలియాలోని మర్చిసన్ అనే చిన్న ఊరి మీద ఆకాశంలో పెద్ద మంటల గోళం కనిపించి పగిలిపోయింది. వంద కిలోలకు పైగా నల్లటి రాళ్లు చుట్టుపక్కల పొలాల్లో చెల్లాచెదురుగా పడ్డాయి. వాటి దగ్గర స్పిరిట్ వాసన వచ్చిందని ఏరినవారు చెప్పారు. అంతకు రెండు నెలల ముందే అపోలో 11 చంద్రుడి మట్టిని తెచ్చింది. ఆ మట్టిలో జీవ పదార్థం జాడ వెతకడానికి కాలిఫోర్నియాలో నాసావారి ఏమ్స్ కేంద్రంలో అతి శుభ్రమైన ప్రయోగశాలను అప్పటికే సిద్ధం చేసుకుని ఉన్నారు. దాన్ని నడిపినది సిరిల్ పొన్నంపెరుమ. శ్రీలంకలోని గాల్‌లో పుట్టి, మద్రాసు విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రంలో డిగ్రీ తీసుకుని, ఆ తర్వాత లండన్‌లోనూ బర్కిలీలోనూ రసాయన శాస్త్రంలోకి మళ్లిన మనిషి. తెలుగు జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనే ఆయన అక్కడ చదివారు. తత్వశాస్త్రం చదివినవాడు జీవం ఎక్కడిది అన్న ప్రశ్నకు గాజుగొట్టాలతో జవాబు వెతకడం నాకు చాలా సహజంగా అనిపిస్తుంది.

కీత్ క్వెన్‌వోల్డెన్, పొన్నంపెరుమ, వారి సహచరులు 1970 డిసెంబరులో 'నేచర్' పత్రికలో తమ ఫలితాలు అచ్చు వేశారు. మర్చిసన్ రాయిలో గ్లైసీన్, అలనీన్, వేలీన్, ప్రోలీన్, గ్లూటమిక్ ఆమ్లం ఉన్నాయి. వేళ్ల మీద ముందు వరసలో ఉండే సెరీన్ ఆ జాబితాలో లేదు. అంతకన్నా గట్టి సాక్ష్యాలు మరి రెండు దొరికాయి.

మొదటిది వాటం. గ్లైసీన్ తప్ప ప్రోటీన్లలోని ప్రతి అమైనో ఆమ్లమూ రెండు రూపాల్లో ఉండగలదు. ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబం. ఒకదాన్ని ఎడమవాటమని, రెండోదాన్ని కుడివాటమని అందాం. పరమాణువులు అవే, లెక్క అదే, అమరిక మాత్రం తిరగబడి ఉంటుంది. మామూలు రసాయన చర్యలో తయారైతే రెండూ సగం సగం వస్తాయి. ప్రాణులు మాత్రం ప్రోటీన్లు కట్టడానికి ఎడమవాటం వాటినే తీసుకుంటాయి. చెంగిచెర్లకు వచ్చే ఏ మాంసంలోనైనా, మన పొలంలోని ఏ గింజలోనైనా ఇదే వరస. మర్చిసన్‌లో చూస్తే రెండు వాటాలూ దాదాపు సమానంగా ఉన్నాయి. చేతి చెమట అయితే ఎడమవైపు ఒరిగి ఉండాలి కదా.

రెండోది, భూమ్మీది ప్రాణులు ప్రోటీన్లలో వాడని అమైనో ఆమ్లాలు. ఆ రాయిలో రెండు మిథైల్ కొమ్మలున్న మిథైల్ అలనీన్ బాగా దొరికింది. మన చుట్టూ ఉన్న మట్టిలో, చెమటలో అది చాలా అరుదు. ఆ తర్వాత దశాబ్దాల్లో మర్చిసన్ ఒక్కదానిలోనే తొంభైకి పైగా అమైనో ఆమ్లాలు బయటపడ్డాయి. వాటిలో చాలావాటికి భూమ్మీద ఏ ప్రాణితోనూ పనిలేదు. ఇంకో విశేషం ఉంది. ఇన్ని కర్బన పరమాణువులతో ఎన్ని రకాల అమరికలు సాధ్యమో దాదాపు అన్నీ అందులో ఉన్నాయి. కర్బనాల సంఖ్య పెరిగేకొద్దీ మోతాదు మెట్లుమెట్లుగా తగ్గుతుంది. ప్రాణి ఏరుకుంటుంది, తన ప్రోటీన్లకు ఆ ఇరవయ్యే వాడుకుంటుంది. రాయి ఏరుకోలేదు, వీలైనవన్నీ చేసింది. జీవం లేకుండా జరిగిన రసాయన చర్యకు ఇంతకన్నా స్పష్టమైన సంతకం ఉండదని నా అభిప్రాయం.

మూడో సాక్ష్యం కొంత ఆలస్యంగా, 1987లో వచ్చింది. శామ్యూల్ ఎప్‌స్టీన్, ఆర్.వి. కృష్ణమూర్తి, వారి సహచరులు మర్చిసన్ అమైనో ఆమ్లాల్లోని ఐసోటోపులను, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులను, కొలిచారు. హైడ్రోజన్‌లో బరువైనదాన్ని డ్యుటీరియం అంటాం. ఆ అమైనో ఆమ్లాల్లో అది భూమ్మీది పదార్థాల్లో ఉండేదానికన్నా చాలా ఎక్కువగా ఉంది. నక్షత్రాల మధ్య, సున్నాకు 250 డిగ్రీల కింద గడ్డకట్టిన మబ్బుల్లోనే డ్యుటీరియం అలా పోగుపడుతుంది. బరువైన కర్బనం, బరువైన నత్రజని కూడా ఎక్కువగానే ఉన్నాయి. మేక గ్లైసీనూ గేదె గ్లైసీనూ ఒకటేనని ముందే అనుకున్నాం. ఉల్క గ్లైసీన్‌కు మాత్రం తూకంలో తేడా ఉంది.

ఇవి ఎలా తయారయ్యాయి? దీనికి కావాల్సిన కీలకమైన రసాయన చర్యను జర్మన్ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ స్ట్రెకర్ 1850లోనే కనిపెట్టాడు. ఆల్డిహైడ్, అమ్మోనియా, హైడ్రోజన్ సయనైడ్ నీటిలో కలిస్తే చివరికి అమైనో ఆమ్లం వస్తుంది. ఫార్మాల్డిహైడ్‌తో మొదలుపెడితే గ్లైసీన్, అసిటాల్డిహైడ్‌తో అలనీన్, అసిటోన్‌తో అయితే ఇందాకటి మిథైల్ అలనీన్. ఈ ముడిసరుకులన్నీ నక్షత్రాల మధ్య మబ్బుల్లో ఉన్నాయని రేడియో టెలిస్కోపులు చూపించాయి. సౌర మండలం పుట్టిన కొత్తలో, 456 కోట్ల ఏళ్ల కిందట, ఈ పదార్థాలు మంచుతో కలిసి గ్రహశకలాల్లో ఇరుక్కున్నాయి. ఆ శకలాల్లో రేడియోధార్మిక అల్యూమినియం కూడా ఉంది. దాని అర్ధాయువు సుమారు 7 లక్షల ఏళ్లు. అది క్షీణిస్తూ ఇచ్చిన వేడికి లోపలి మంచు కరిగింది. గోరువెచ్చని నీళ్లు రాతి సందుల్లో ఊరి చాలాకాలం నిలిచాయి. చీకట్లో, ఎండ పొడ లేకుండా, ప్రాణమన్నది లేకుండా ఆ నీళ్లలోనే అమైనో ఆమ్లాలు పుట్టాయి. 1953లో స్టాన్లీ మిల్లర్ షికాగోలో గాజు పాత్రల్లో మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి నింపి విద్యుత్ మెరుపులు పెట్టి రాబట్టిన అమైనో ఆమ్లాలకూ మర్చిసన్‌వాటికీ చాలా పోలిక ఉంది.

అయితే అన్ని ఉల్కల్లోనూ ఇవి ఉండవు. ఎందుకో తెలియడానికి మన ప్రాంతంలో పడినవాటినే చూడవచ్చు. 19వ శతాబ్దం మొదట్లో గుర్రంకొండ ప్రాంతంలో ఒకటి, 1852లో నెల్లూరు జిల్లాలో యాటూరు పేరుతో నమోదైనది ఒకటి, 1934లో తిరుపతి పేరుతో ఒకటి పడ్డాయి. ఈ మూడూ మామూలు రాతి ఉల్కలు. వాటి మాతృశకలాల్లో వేడి వందల డిగ్రీలు దాటడంతో ఆ సెగకు అమైనో ఆమ్లాలు నిలవలేదు. 1870లో విజయనగరం వైపు నెడగొల్ల దగ్గర పడినదైతే పూర్తిగా ఇనుము, అంటే కరిగి పేరుకున్న లోహం. మర్చిసన్ తరహా రాయి కావాలంటే వేడి తక్కువగా ఉండి, నీళ్లు తగిలి, కర్బనం నిలిచి ఉండాలి. అలాంటివి దొరికేవే తక్కువ. మన పొరుగున బస్తర్‌లో 1940లో ఎరాకోట్ దగ్గర పడినది ఆ తరగతిదే. కానీ చేతికి దొరికింది 113 గ్రాములు. 2017 జూన్‌లో జైపూర్ దగ్గర ముకుంద్‌పురాలో పొలంలో పడినదీ అదే కోవకు చెందింది, రెండు కిలోల దాకా ఉంది. ఈ రకం రాయి వానకు నానితే పొడిపొడి అయిపోతుంది. ఎవరి కంటా పడకుండా మన నల్లరేగడిలో కలిసిపోయినవి ఎన్నో ఉండి ఉండాలి.

హబ్సిగూడ, తార్నాకల మధ్య ఉన్న రెండు ప్రయోగశాలలకు కూడా ఇలాంటి ప్రశ్నే ఎదురైంది. డైనోసార్లు అంతరించిన కాలంనాటి, అంటే 6.6 కోట్ల ఏళ్ల కిందటి మట్టి పొర గుజరాత్‌లో కచ్ఛ్‌లోని అంజార్ దగ్గర బయటపడింది. అందులో ఉల్కల గుర్తు అయిన ఇరిడియం ఉంది. భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐకి చెందిన జి. పార్థసారథి, రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీకి చెందిన ఎం. వైరమణి, వారి సహచరులు ఆ పొరలో బంతిలాంటి అరవై కర్బనాల అణువులు, అంటే ఫుల్లరీన్లు, ఉన్నాయని 2002లో ప్రకటించారు. అదే కాలానికి చెందిన డెన్మార్క్ పొరల్లో అంతకుముందే, 1989లో, మిథైల్ అలనీన్ కనిపించింది. కర్బనం దొరకగానే సరిపోదు. ఢీకొన్న శకలం మోసుకొచ్చిందా, ఆ దెబ్బకు పుట్టిన వేడిలో ఇక్కడే తయారైందా అన్నది మళ్లీ తేల్చుకోవాలి.

ఇప్పుడు వాటం సంగతికి మళ్లీ వద్దాం, అసలు చిక్కు అక్కడే ఉంది. రాయిలో రెండు వాటాలూ సమానమైతే, ప్రాణులకు ఎడమవాటం ఎక్కడి నుంచి వచ్చింది? 1997లో జాన్ క్రోనిన్, సాండ్రా పిజ్జరెల్లో మర్చిసన్‌లోని ఐసోవేలీన్ వంటి కొన్ని అమైనో ఆమ్లాల్లో ఎడమవాటం కొంత ఎక్కువగా ఉందని చూపించారు. ఐసోవేలీన్‌ను మన ప్రోటీన్లు వాడవు. పైగా అది కాలం గడిచినా వాటం మార్చుకోదు. కాబట్టి చెమట, మట్టి అన్న అనుమానాలకు అక్కడ తావు లేదు. 2009లో డానియల్ గ్లావిన్, జేసన్ డ్వర్కిన్ ఆ మొగ్గు 18 శాతం దాకా ఉందని కొలిచారు. నీళ్లు ఎక్కువగా తగిలిన రాళ్లలో మొగ్గు కూడా ఎక్కువగా కనిపించింది. నక్షత్రాలు పుట్టే చోట మెలితిరిగిన ధ్రువిత కాంతి ఒక వాటాన్ని కొంచెం ఎక్కువగా చెరిపేసిందని, ఆ చిన్న తేడాను రాతిలోని నీళ్లు పెంచి పెద్దది చేశాయని ఒక ఊహ. అలా అయితే మన ఎడమవాటం భూమి కన్నా ముందే నిర్ణయమైందని అర్థం. ఎంత అందమైన ఊహో!

అందమైనంత మాత్రాన నిజం కానక్కరలేదు. భూమి గాలి, మట్టి, చేయి తగలకుండా గ్రహశకలం మీదికే వెళ్లి తెచ్చుకుంటే అనుమానమే ఉండదు కదా. జపాన్‌వారి హయబుస-2 నౌక ర్యుగు శకలం నుంచి 5.4 గ్రాములు 2020 డిసెంబరులో తెచ్చింది. నాసావారి ఒసైరిస్ రెక్స్ 2023 సెప్టెంబరు 24న బెన్ను శకలం నుంచి 121.6 గ్రాములు తెచ్చి యూటా ఎడారిలో దింపింది. బెన్ను ఫలితాలు 2025 జనవరిలో వచ్చాయి. ప్రాణులు వాడే ఇరవై అమైనో ఆమ్లాల్లో 14 అందులో ఉన్నాయి. డీఎన్ఏ, ఆర్ఎన్ఏల్లో అక్షరాల్లా పనిచేసే ఐదు క్షారాలూ ఉన్నాయి. అమ్మోనియా పుష్కలంగా ఉంది. ఉప్పునీరు ఇగిరిపోతే మిగిలే లవణాలు కూడా ఉన్నాయి. అంటే దాని మాతృశకలంలో ఒకప్పుడు ఉప్పునీటి మడుగులు ఉండేవన్నమాట. ఇంత సంపద దొరికింది గానీ ఎడమవాటం మొగ్గు మాత్రం లేదు. ఐసోవేలీన్‌తో సహా అన్నీ దాదాపు సగం సగమే. ర్యుగులోనూ అంతే. మర్చిసన్‌లో ఉన్న మొగ్గు వీటిలో ఎందుకు లేదో ఇప్పుడు కొత్తగా ఆలోచించాలి. ఎడమవాటం ఆకాశం ఇచ్చింది కాదేమో, భూమ్మీద జీవం మొదలయ్యాక స్థిరపడిందేమో అన్న వాదానికి దీనితో బలం పెరిగింది. నాకైతే ఈ ఫలితం నిరాశ కలిగించలేదు. ఇరవై ఏళ్లకు పైగా నమ్మిన ఊహను కేవలం 120 గ్రాముల ధూళి నిలదీసింది, శాస్త్రం నడవాల్సిన తీరు అదే.

ఇటుకలు ఆకాశంలో ఉన్నాయి సరే. ఇల్లు కూడా అక్కడి నుంచే వచ్చిందా, అంటే ప్రాణి ప్రాణిగానే దిగివచ్చిందా? ఈ ప్రశ్నను చెంగిచెర్లకు కూతవేటు దూరంలో నిజంగా పరీక్షించారు. ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి జాతీయ బెలూన్ కేంద్రం ఉంది. తెల్లవారుజామున అక్కడి నుంచి లేచే పెద్ద తెల్లని బెలూన్లు మౌలాలి, నాచారం వాసులకు కొత్త కాదు. 2001లో ఒకసారి, 2005 ఏప్రిల్ 20న మరోసారి ఇస్రో అక్కడి నుంచి బెలూన్ ఎగరేసి, 41 కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి పట్టి తెప్పించింది. దీని వెనక ఉన్నవారు ఖగోళ శాస్త్రజ్ఞుడు జయంత్ నార్లికర్.

2005లో పంపిన పరికరాల బరువు 459 కిలోలు. అందులో గాలి తీసేసి, సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేసిన పదహారు స్టీలు గొట్టాలను ద్రవ నియాన్‌లో ముంచి ఉంచారు. సున్నాకు 246 డిగ్రీల కింద ఉండే ఆ చలికి గొట్టంలోకి వచ్చిన గాలి గోడలకు గడ్డకడుతుంది, ఖాళీ అయిన చోటికి మరింత గాలి వస్తుంది. అంత ఎత్తులో గాలి మన దగ్గర ఉండేదానిలో మూడు వందల వంతు కూడా ఉండదు కాబట్టి ఇంత ఏర్పాటు అవసరమైంది. పారాచూట్‌తో దిగిన గొట్టాలను హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో ఎస్. శివాజీ బృందం, పుణెలోని కణ పరిశోధన కేంద్రం ఎన్‌సీసీఎస్‌లో యోగేశ్ శౌచే బృందం విడివిడిగా పరీక్షించాయి. పన్నెండు బ్యాక్టీరియా, ఆరు శిలీంధ్రాలు పెరిగాయి. బ్యాక్టీరియాలో మూడు అంతకుముందు ఎవరూ చూడని జాతులు. వాటికి ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ హాయిల్ పేరున, ఇస్రో పేరున, ఆర్యభట పేరున పేర్లు పెట్టి 2009లో ప్రకటించారు. దగ్గరి చుట్టాలైన నేలమీది బ్యాక్టీరియాకన్నా ఈ మూడూ అతినీలలోహిత కిరణాలను మెరుగ్గా తట్టుకున్నాయి.

ఇవి ఆకాశానివేనా? మర్చిసన్‌లో పనికొచ్చిన సాక్ష్యాలను ఇక్కడ పెట్టి చూద్దాం. వాటి డీఎన్ఏ మన నేలమీది జానిబాక్టర్, బాసిల్లస్ వంశాలకే చెందింది. బతికిన బ్యాక్టీరియా తన అమైనో ఆమ్లాలను తానే చేసుకుంటుంది కాబట్టి వాటం చూసి లాభం లేదు. ఐసోటోపులు చూద్దామంటే, ప్రయోగశాలలో మనం పెట్టిన ఆహారం తిని కోట్లుగా పెరిగాక వాటి ఒంట్లో ఉన్నది మన కర్బనమే. రాయి తన పుట్టుకను దాచుకోలేదు, ప్రాణి మాత్రం తిన్న తిండితో దాన్ని తుడిచేసుకుంటుంది. మామూలు గాలులు అంత ఎత్తుకు సూక్ష్మజీవుల్ని మోయలేవని ఒకవైపు వాదం. అగ్నిపర్వతాలు, పెద్ద తుపానులు ఏదో ఒక దారిలో ఎక్కించి ఉంటాయని మరోవైపు వాదం. ఇవి భూమి అవతలివని ఈ పరిశోధన తేల్చలేదని ఇస్రో తన ప్రకటనలోనే చెప్పింది. ఆ మాట చెప్పినందుకు ఆ ప్రయోగం మీద నాకు గౌరవం పెరిగింది. కొత్త జాతులు దొరకడం దానికదే గట్టి ఫలితం.

ఇక మన పొలంలోనో మిద్దె మీదో అలాంటి నల్లరాయి పడే సందర్భం గురించి. మన దగ్గర ఆకాశం నుంచి ఏది పడినా జనం మూగుతారు. రాయి అయితే కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొడతారు. ఆ భక్తిని నేను తప్పుపట్టను. కానీ ప్రయోగశాలలో ఉల్కలోని అమైనో ఆమ్లాలను బయటికి తీయడానికి మొదట చేసే పని, పొడిని నీళ్లలో వేడిచేయడమే. అంటే కడిగితే పోయేవి అవే. కొబ్బరినీళ్లలో అమైనో ఆమ్లాలు దండిగా ఉంటాయి. పసుపు మొక్క నుంచి వచ్చింది, వేళ్ల సంగతి ముందే చూశాం. అందుకని రాయిని ఉన్నచోటే ఫొటో తీసి, చేత్తో తాకకుండా శుభ్రమైన అల్యూమినియం రేకుతో ఎత్తి చుట్టి, తడి తగలని చోట పెట్టాలి. అయస్కాంతం పెట్టి చూడకపోవడం మంచిది, రాయిలోని పాత అయస్కాంత గుర్తులు దానితో చెరిగిపోతాయి. దేశంలో పడిన ఉల్కల్ని సేకరించి భద్రపరిచేది భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ. దాని హైదరాబాద్ కార్యాలయం ఉప్పల్‌కు దగ్గరే, నాగోల్ దాటాక బండ్లగూడలో ఉంది. వాన పడేలోపు వారికి కబురు చేరితే మంచిది.